ఏ పశువుదో ఈ గుండె పొర

నా పొట్ట కింది భాగం నుంచి ఎడమ తొడ దాకా, జానెడుకు కొంచెం ఎక్కువ పొడవున, ఒక పశువు గుండె మీది పొరతో కుట్టిన గొట్టం ఉంది. నా కాలికి రక్తం అందులోంచే పోతుంది. ఈ మాట చెప్పగానే కొందరు ముఖం చిట్లిస్తారు. కొందరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ‘ఎట్లా కుట్టారు?’ అని అడుగుతారు. నేను ఈ రెండో రకం మనిషిని. ఆ గొట్టం సంగతి తెలుసుకోవాలన్న ఆత్రమే నన్ను భయం నుంచి చాలాసార్లు బయటికి లాగింది. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది కాబట్టి కూర్చుని రాయగలుగుతున్నాను. ఒంట్లో ఇలాంటి గొట్టాలున్న వాళ్లెవరైనా చదివితే, ఒక్క జాగ్రత్తయినా పనికొస్తుందని నా ఆశ.

2009, వానాకాలం

మాది మామిడిపల్లి. శంషాబాద్ విమానాశ్రయం కట్టినప్పుడు మా పొలంలో కొంత దాని గోడ లోపలికి పోయింది. నాకు ఆ గోడ లోపలే కాంట్రాక్టు పని దొరికింది. రన్‌వే దగ్గరికి పిట్టలు రాకుండా చూడటం నా పని. జీపులో తిరుగుతూ, మధ్యమధ్య దిగి గడ్డిలో నడుస్తూ, తీతువులు ఎక్కడ గుడ్లు పెట్టాయో, వాన వెలిశాక కొంగలు ఎటు దిగుతున్నాయో చూడాలి. అవసరమైతే పటాకులు పేల్చి లేపాలి. చిన్నప్పటి నుంచీ పశువులనూ పిట్టలనూ చూస్తూ నిలబడిపోయే అలవాటు నాది. ఆ అలవాటుకు జీతం కూడా ఇస్తున్నారని మా ఆవిడ అనసూయ నవ్వేది.

ఆ ఏడు వానలప్పుడు ఎడమ పిక్క పట్టేయడం మొదలైంది. కొంత దూరం నడిస్తే రాయిలా బిగిసేది. నిలబడితే వదిలేది. మళ్లీ నడిస్తే మళ్లీ బిగిసేది. నాతో పనిచేసే యాదగిరి, “అన్నా, నువ్వు పిట్టల కోసం ఆగుతున్నవా, కాలు కోసం ఆగుతున్నవా?” అని అడిగాడు. అప్పటికి రోజుకో డబ్బా సిగరెట్లు కాల్చేవాణ్ని. పట్నంలో పరీక్షలు చేసి, కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మూసుకుపోయిందన్నారు. ఆపరేషన్ చేసి, మూసుకున్న చోటును తప్పించి పక్కనుంచి ఒక గుడ్డ గొట్టం వేశారు. దాని నమూనా నాకు చూపించారు. తెల్లగా, అడ్డంగా సన్నటి మడతలతో, కుచ్చిళ్లు పెట్టిన లంగాలా ఉంది. మనిషి నేసిన గుడ్డలో మనిషి రక్తం పారుతుందా అని నేను ఆశ్చర్యపోయాను.

పారింది. సిగరెట్లు మానేశాను. మళ్లీ గడ్డిలో నడిచాను. రెండేళ్లకు పైగా ఆ గొట్టం ఉందన్న సంగతే మర్చిపోయాను.

2012, చలి తగ్గుతున్న రోజులు

ఎడమ గజ్జలో, పాత కుట్టు దగ్గర, చిన్న గడ్డ లేచింది. ముట్టుకుంటే వెచ్చగా ఉండేది. కొన్నాళ్లకు దాని మొన నుంచి పలుచటి చీము కారడం మొదలైంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. దగ్గర్లోని దవాఖానలో సెగగడ్డ అన్నారు, మందులిచ్చారు. తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. ఇది చదువుతున్న వాళ్లకు నేను చెప్పదలచుకున్న జాగ్రత్త ఇదే: ఒంట్లో గొట్టం ఉన్న చోట చీము కనబడితే దాన్ని మామూలు గడ్డ అనుకోకండి. గొట్టం వేసిన డాక్టరు దగ్గరికే పోండి, ఆ రోజే పోండి.

ఒకనాడు పొద్దున డ్యూటీలో జీపు దిగుతుంటే తొడ మీద వేడినీళ్లు పోసినట్టయింది. కిందికి చూశాను. ఖాకీ ప్యాంటు మోకాలి దాకా ఎర్రగా తడిసింది. నొప్పి లేదు. అదే నాకు వింతగా అనిపించింది.

యాదగిరి చూశాడు. మెడలో తువ్వాల తీసి, గుండ్రంగా చుట్టి, నా గజ్జ మీద పెట్టి రెండు చేతులతో అదిమాడు. డ్రైవర్‌ను కేకేసి, నన్ను జీపు వెనక పడుకోబెట్టి, తను మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“చెయ్యి తియ్య అన్నా. ఏమన్న గానీ తియ్య. నువ్వు మాట్లాడుకుంట ఉండు.”

“ఏం మాట్లాడాలెరా?”

“ఏదన్న. పిట్టల పేర్లు చెప్పు.”

గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి లోపలికి తొంగి చూసి, ఏమీ అడగకుండా అడ్డగడ ఎత్తేశాడు. గగన్‌పహాడ్ దగ్గర లారీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయి ఉన్నాయి. మా డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయలేదు. నేను తీతువు అన్నాను, గద్ద అన్నాను, కొంగ, గోరింక, గువ్వ, పాలపిట్ట అన్నాను. పేర్లు అయిపోతే యాదగిరి, “మళ్ల మొదటికెళ్లి చెప్పు” అన్నాడు. ఆస్పత్రిలో నర్సు వచ్చి తన చెయ్యి పెట్టేదాకా అతను తన చేతులు తీయలేదు. తరవాత ఆ వేళ్లు చాలాసేపు ముడుచుకునే ఉన్నాయని, వాటిని సాగదీసుకోలేక అవస్థ పడ్డాడని అనసూయ చెప్పింది.

ఆపరేషన్‌కు ముందు

రక్తాన్ని ఆపారు. స్కాన్ తీశారు. కదలకుండా పడుకోమన్నారు. రక్తనాళాల సర్జన్ డాక్టర్ మాధవి గారు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. కోస్తా మనిషి, మాట నెమ్మది. నిలబడి చెప్పి వెళ్లిపోకుండా కూర్చున్నందుకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

“నరసింహ గారూ, లోపలి గుడ్డ గొట్టానికి ఇన్ఫెక్షన్ పట్టింది. ఆ నేతలో క్రిములు దూరితే మందులు వాటిని పూర్తిగా చంపలేవు. గొట్టం అతుకు దగ్గర వదులైంది, అందుకే రక్తం వచ్చింది. దాన్ని మొత్తం తీసెయ్యాలి.”

“తీస్తే కాలుకు నెత్తురెట్ల పోతది మేడం?”

“అసలు ప్రశ్న అదేనండీ. మీ కాళ్లలోని సిర తీసి వాడదామంటే, రెండు కాళ్లలోనూ అవి ఉబ్బిపోయి ఉన్నాయి. ఇంకో గుడ్డ గొట్టం వేస్తే దానికీ ఇదే గతి పట్టవచ్చు. ఏదీ వెయ్యకపోతే కాలు దక్కడం కష్టం. ఇంకో దారి ఉంది. పశువు గుండె చుట్టూ ఒక పొర ఉంటుంది. దాన్ని శుద్ధి చేసి, మందులో నిల్వ చేసి పంపుతారు. రేకులా వస్తుంది. దాన్ని నేను గొట్టంలా మడిచి కుడతాను.”

“మీరే కుడతరా?”

“నేనే. ఆపరేషన్ బల్ల పక్కనే.”

“ఏం పశువు?”

“ఆవు జాతి. ఆవో, ఎద్దో నాకు తెలియదు. వేరే దేశం నుంచి విమానంలో వస్తుంది.”

పక్కన అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం, ఆ పెట్టె మా రన్‌వే మీదే దిగి ఉంటుందా, అది దిగిన పూట నేను డ్యూటీలో ఉన్నానా అని ఆలోచిస్తున్నాను. కాలు పోతుందేమో, ప్రాణమే పోతుందేమో అన్న భయం ఒక పక్క ఉంది. ఆ భయం పక్కనే ఈ ఆలోచన కూడా చోటు చేసుకుంది. రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.

“ఎన్ని రోజులు ఆగుతది మేడం?”

“హామీ ఇవ్వలేను. గుడ్డ కంటే ఇది క్రిములను బాగా తట్టుకుంటుందని చూశాం. అయినా మళ్లీ ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇలాంటివి నేను చేసినవి తక్కువే. ఆ సంగతి కూడా మీకు తెలియాలి.”

ముందు కొన్ని రోజులు సూదిమందులు ఎక్కించి జ్వరం దించాలన్నారు. ఆ రోజుల్లోనే ఇంట్లో గొడవ మొదలైంది. మా అన్న మల్లేశ్‌కు భక్తి ఎక్కువ. ఏటా మాల వేసుకుంటాడు. డాక్టర్ మాట విని వార్డులోనే నిలబడి గట్టిగా అన్నాడు.

“ఆవు తోలు ఒంట్ల పెట్టుకుంటవారా? పొద్దున లేచి ఆవుకు మొక్కే ఇల్లు మనది. రేపు ఏ మొహం పెట్టుకోని మొక్కుతవ్?”

“తోలు కాదన్నా, గుండె మీది పొర.”

“అయితే ఇంకా పాపం!”

అనసూయకు కోపం వచ్చింది. “కాలు తీసేస్తే నువ్వు మోస్తవా బావా?” అంది. అన్న వెళ్లిపోయాడు. రెండు రోజులు కనబడలేదు.

నా పక్క మంచం మీద శంషాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, కాలి పుండుతో. ఆయన్ను చూసుకోవడానికి తమ్ముడు కరీం భాయ్ వచ్చేవాడు. కరీం భాయ్‌కి మటన్ దుకాణం ఉంది. మా గొడవంతా విన్నాడు. అన్న వెళ్లాక నా మంచం దగ్గరికి వచ్చి, “భాయ్, ఆ పొర నేను రోజు చూస్త. మేకకు గూడ ఉంటది. దిల్ మీద పర్దా లెక్క” అన్నాడు.

“ఎట్లుంటది?”

“పల్చగ. గానీ మస్తు గట్టి. మేం తీసి పారేస్తం.”

“గట్టి అంటే ఎంత గట్టి?”

ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. “మాటలతోని గాదు. రేపు చూపిస్త, ఫోన్ల” అన్నాడు.

మర్నాడు నిజంగానే వీడియో తీసుకొచ్చాడు. దుకాణంలో చెక్క మొద్దు మీద మేక గుండె. దాని చుట్టూ ఉన్న పొరను కరీం భాయ్ వేళ్లతో సంచిలా ఊడదీశాడు. పాల కవరు కంటే పలుచన, వెలుగు అవతలికి కనబడుతోంది. దాన్ని తిరగేసి, అందులో చెంబుతో నీళ్లు పోసి, మూతి బిగించి పైకి ఎత్తి ఊపాడు. ఒక్క చుక్క కారలేదు. రెండు చేతులతో లాగాడు. సాగలేదు, చిరగలేదు. వెనక ఎవరో, “క్యా కర్రే భాయ్?” అని నవ్వుతున్నారు.

నేను మళ్లీ చూశాను. అప్పటిదాకా అటు తిరిగి కూర్చున్న అనసూయ మెల్లగా వంగి, నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూసింది. “ఇంత పల్చటిదా?” అంది. కొంచెంసేపాగి, “మళ్ల పెట్టు” అంది.

ఆ సాయంత్రం మా అమ్మ వచ్చింది. అమ్మ ఇప్పటికీ రెండు ఆవులను సాకుతుంది. వాటిని పక్కింటివాళ్లకు అప్పజెప్పి బస్సెక్కి వచ్చింది. విషయం ఆమెకు ఎవరు ఎట్లా చెప్పారో గానీ, నన్ను పలకరించక ముందే డాక్టర్ కోసం అడిగింది. మాధవి గారు రాగానే నేరుగా అంది:

“ఒక్క ముచ్చట చెప్పు బిడ్డా. నా కొడుకు కోసమని దాన్ని సంపిండ్రా?”

“లేదమ్మా. అక్కడ వాళ్లు మాంసం కోసమే పెంచుతారు. ఈ పొర వాళ్లకు పనికిరాదు. పారేసే దాన్ని తీసి ఇలా శుద్ధి చేస్తారు.”

అమ్మ తల ఊపింది. నా కాలు పట్టుకుని కూర్చుంది, ఎడమ పాదం చల్లగా ఉందని కొంగుతో కప్పింది. తరవాత నాతో అంది. “మన ఎర్రెద్దు యాదికుందా? ముసలిదైనంక మీ నాయిన అంగడికి తోలుకపోయిండు. అది దున్ననీకి పోలేదని నాకెరుక, మీ నాయినకెరుక. మేం ఇద్దరం ఆ పొద్దు బువ్వ తినలే. మల్లేశ్‌కు ఆ ముచ్చట తెల్వది. నువ్వు పెట్టిచ్చుకో.”

ఎర్రెద్దు ఎటు పోయిందో నాకూ అప్పటిదాకా తెలియదు.

2012, మార్చి

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లాక నేను ఒక కోరిక కోరాను. మత్తు ఇవ్వకముందు ఆ పొర చూపించమన్నాను. మాధవి గారు మాస్కు వెనక నవ్వారనుకుంటాను, కళ్లు చిన్నవయ్యాయి. ఒక సిస్టర్ సీసా ఎత్తి పట్టుకుంది. నీళ్లలాంటి మందులో తెల్లటి ముక్క, శుభ్రంగా ఉతికి మడత విప్పిన ధోవతి పేలికలా తేలుతోంది. దాన్ని ఆ మందు పోయేదాకా చాలాసార్లు కడగాలట. అది ఏ గడ్డి మేసిందో, దాని రంగు ఏమిటో, దానికి పేరు పెట్టిన వాళ్లెవరైనా ఉన్నారో లేదో అడగాలనిపించింది. ఈలోపు మత్తు ఎక్కింది.

ఆ పూట బయట ఏం జరిగిందో తరవాత మా అమ్మాయి స్వప్న చెప్పింది. “బాపూ, పెద్దనాయిన వచ్చిండు. మాతోని మాట్లాడలే. సక్కగ బ్లడ్ బ్యాంక్‌కు పోయి, ‘మా తమ్మునికి నాది ఎక్కియ్యుండ్రి’ అన్నడు. ఇచ్చినంక గూడ ఇంటికి పోలే. మెట్ల మీద కూసున్నడు.” డాక్టర్ బయటికి వచ్చి బాగానే జరిగిందని చెప్పేదాకా అన్న ఆ మెట్ల మీదే ఉన్నాడట.

ఐసీయూలో నాకు మొదట గుర్తున్నది ఒక చప్పుడు. పెన్నులాంటి ఒక పరికరాన్ని నా పాదం మీద ఆనించి సిస్టర్ రక్తం పారే చప్పుడు వింటోంది. షర్ర్, షర్ర్, షర్ర్. ఆ గొట్టంలోంచి వచ్చిన రక్తమే అది. వార్డుకు మార్చాక అమ్మ ఉన్నప్పుడు మళ్లీ పెట్టారు. అమ్మ చెవి దగ్గరికి వంచి శ్రద్ధగా విన్నది.

“చెంబుల పాలు పిండినట్టు లేదూ?” అంది. సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయింది.

2012, ఎండాకాలం

ఇంటికి వచ్చాక వారాల తరబడి సూదిమందులు నడిచాయి. గజ్జలో పుండు లోపలి నుంచి మెల్లగా పూడుకు రావాలన్నారు. రోజూ కట్టు మార్చాలి. అనసూయే మార్చేది. నేను అద్దం తెప్పించుకుని, పుండు రంగు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారిందో చూసుకునేవాణ్ని. లోపల గొట్టం ఏం చేస్తోందో, నా ఒళ్లు దాన్ని పరాయిదనుకుంటోందో లేదో అని గంటల తరబడి మాట్లాడేవాణ్ని. వచ్చిన ప్రతివాళ్లకూ సీసా సంగతి చెప్పేవాణ్ని.

ఒక మధ్యాహ్నం కట్టు కడుతూ కడుతూ అనసూయ చేతిలోని దూది కింద పడేసింది.

“నీకు అన్నీ తెలుసుకోవాలె. పొర ఎట్లుంటది, ఎవలు కుట్టిండ్రు, ఎట్ల కుట్టిండ్రు. నాకేమైతుందో ఒక్కనాడన్న అడిగినవా?”

నేను చేతిలోని అద్దం పక్కన పెట్టాను. తరవాత అడిగాను. “ఏమైతుంది?”

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. రక్తం మళ్లీ వచ్చిందేమోనని నేను కదిలినప్పుడల్లా దుప్పటి తడిమి చూస్తోందట. ఎరుపు రంగు చీరలు అన్నీ తీసి లోపల పెట్టేసిందట, వాటిని ఆరేస్తే కూడా గుండె జారుతోందట. జీపులో యాదగిరి లేకుంటే, ఆ పూట నేను ఇంట్లో ఉండి ఉంటే, తనకు అట్లా అదిమిపట్టడం చేతనయ్యేది కాదని రోజూ అనుకుంటోందట. ఇవన్నీ ఒకే బిగిన చెప్పి ఏడ్చింది. నేను మంచం మీది నుంచి దిగలేకపోయాను. చెయ్యి చాపితే ఆమె తల అందింది.

మర్నాడు యాదగిరిని పిలిపించాను. అతను తువ్వాల ఎట్లా చుట్టాలో, ఎక్కడ పెట్టాలో, చెయ్యి తీయకుండా ఎట్లా అదమాలో అనసూయకు చూపించాడు. ఆమె నా కుడి తొడ మీద రెండుసార్లు చేసి చూసింది. రెండోసారి ఎంత గట్టిగా అదిమిందంటే నేను అరిచాను. అప్పుడు ఆమె నవ్వింది. ఆ అవసరం ఇంతవరకు రాలేదు.

2013

పుండు మానింది. జ్వరం మళ్లీ రాలేదు. ఎండలు తగ్గాక పనికి పోయాను. నన్ను గడ్డిలో నడవనివ్వలేదు. జీపులో కూర్చుని చూసి వైర్‌లెస్‌లో చెప్పే పని ఇచ్చారు. మొదట్లో బాధేసింది గానీ, జీపు ఎత్తు నుంచి చూస్తే పిట్టలు వేరేగా కనబడతాయి. అవి ఎటు లేస్తాయో లేవక ముందే తెలుస్తుంది.

మా అన్న ఆ గొట్టం గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. కాకపోతే నన్ను పరీక్షలకు తీసుకెళ్లేది ఇప్పుడు ఆయనే. తన మోటారు సైకిల్ మీద, గుంతల దగ్గర ఆగి ఆగి, మెల్లగా.

2014, ఎండాకాలం

ఈసారి స్కాన్ చూశాక మాధవి గారిని చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాను. “మేడం, అది ఇంకా ఆ పశువుదేనా, నాదైపోయిందా?”

ఆమె స్కాన్ వైపే చూస్తూ ఉన్నారు. “అల్లిక దానిదే. దాని మీదికి మీ ఒంటి కణాలు కొంత పాకి ఉంటాయి. ఎంతవరకో తీసి చూస్తే గానీ చెప్పలేం, తీసి చూడకూడదనే కదా మన కోరిక” అన్నారు. తరవాత, “మీరొక సాయం చెయ్యాలి” అన్నారు.

బయట బెంచీ మీద బడంగ్‌పేట్ నుంచి వచ్చిన సత్తయ్య అనే ఆటో డ్రైవర్ ఉన్నాడు. పక్కన భార్య. ఆయనదీ నా కథే: గుడ్డ గొట్టం, గజ్జలో చీము. ఇంకా రక్తం రాలేదు, అంతవరకు అదృష్టం. ఆపరేషన్‌కు రెండు రోజులుగా మొగుడూపెళ్లాం ఇద్దరూ ఒప్పుకోవడం లేదట. నేను పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. హామీ లేదన్న మాట కూడా దాచలేదు. నాకు రెండేళ్లు గడిచాయి, ఇంకెన్నేళ్లో నాకు తెలియదన్నాను.

సత్తయ్య నేల చూస్తూ అడిగాడు. “అన్నా, అది పెట్టినంక ఆవును చూస్తే ఏమన్న అనిపిస్తదా?”

“మొదట్ల అనిపిస్తుండె. ఇప్పుడు ఏ ఆవును చూసినా జర ఎక్కువసేపు చూస్త. అంతే.”

ఆయన భార్య తల ఎత్తింది. “నడుస్తవా అన్నా?” అంది.

నేను లేచి, వరండా చివర లిఫ్టు దాకా నడిచి, తిరిగి వచ్చాను. ఆమె నా ముఖం చూడలేదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా ఎడమ పాదాన్నే చూసింది. నేను దగ్గరికి రాగానే, “ఒక్కసారి మళ్ల నడువు” అంది. మళ్లీ నడిచాను. ఆగలేదు, పిక్క పట్టలేదు.

ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, “నువ్వు ఈడ్నే కూసో, నేను మేడంతోని మాట్లాడొస్త” అని భర్తతో చెప్పి డాక్టర్ గదిలోకి వెళ్లింది.

తలుపు మూసుకున్నాక సత్తయ్య కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. “కూసో అన్నా” అన్నాడు. “ఇగ ఆమె ఒప్పుకున్నట్టే. ఆ పొర ఎట్లుంటదో, ఎట్ల కుడతరో మొత్తం చెప్పు.”